లైన్ క్లియర్: రైళ్ళు ఢీకొనకుండా చూసే వ్యవస్థల చరిత్ర – పాకాల–ధర్మవరం మార్గం నుంచి కవచ్ వరకు

వ్యాససంగ్రహం

ఒకే పట్టాలపై ఎదురెదురుగానో వెనుకవెనుకగానో నడిచే రైళ్ళు ఢీకొనకుండా చూసే ఏర్పాట్లు గత నూటయాభై ఏళ్ళలో ఎలా మారాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కలికిరి మీదుగా సాగే పాకాల–ధర్మవరం సింగిల్ లైను, దానికి చేరువలోని పెనుకొండ, తెలుగు ప్రాంతాలలోని కాచిగూడ, కంటకాపల్లి ప్రమాదాలు, హైదరాబాదు పరిసరాలలో రూపుదిద్దుకొన్న కవచ్ వ్యవస్థ ఇందులో ప్రధాన ఆధారాలు. రైలును ఆపే అధికారం మనిషి జ్ఞాపకం నుంచి వస్తువుకు, వస్తువు నుంచి ఇనుప తాళానికి, అక్కడి నుంచి కంప్యూటరుకు బదిలీ అవుతూ వచ్చింది. అయితే యంత్రం పనిచేయని వేళా, దానిని మరమ్మతు చేసే వేళా ఆ అధికారం తిరిగి మనిషి చేతికే వస్తుంది. ఇటీవలి పెద్ద ప్రమాదాలలో కొన్ని సరిగ్గా ఆ సమయంలోనే జరిగాయన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

కీలకపదాలు: లైన్ క్లియర్, టోకెన్, ఇంటర్‌లాకింగ్, సిగ్నల్, వేగనియంత్రణ, కవచ్, కలికిరి, పెనుకొండ, కంటకాపల్లి.

ఉపోద్ఘాతం

తెలుగులో 'లైన్ క్లియర్' అన్న మాటకు రైలుతో సంబంధం లేని అర్థం ఏనాడో స్థిరపడింది. పెళ్ళి సంబంధానికి పెద్దలు ఒప్పుకొన్నా, ఆఫీసులో ఆగిన ఫైలు కదిలినా 'లైన్ క్లియర్ అయింది' అంటారు. కొత్త పథకానికి మంత్రి 'పచ్చజెండా ఊపుతారు'. మొదలైన పని 'పట్టాలెక్కుతుంది', చెడిన పని 'పట్టాలు తప్పుతుంది'. పొగబండి తెలుగునాట అడుగుపెట్టిన కొన్ని తరాలలోనే దాని పరిభాష వాడుకభాషలో ఇంతగా కలిసిపోవడం భాషాశాస్త్రపరంగా విడిగా పరిశీలించదగిన విషయం.

వాడుకలో 'లైన్ క్లియర్' అంటే అడ్డు తొలగిందని మాత్రమే అర్థం. రైల్వేలో దాని అర్థం ఇంతకంటే బరువైనది. రెండు స్టేషన్ల మధ్య ఉన్న పట్టాల మీదకు బండిని పంపే ముందు వెనుక స్టేషన్ మాస్టరు ముందు స్టేషన్ మాస్టరు అనుమతి కోరాలి. అంతకు ముందు వెళ్ళిన బండి పూర్తిగా తన స్టేషనుకు చేరిందనీ, ఎదురుగా మరొక బండిని తాను వదలలేదనీ, ఇకపై వదలబోననీ నిర్ధారించుకొన్నాకనే ముందున్నవాడు 'లైన్ క్లియర్' ఇస్తాడు. కాబట్టి అది దారి గురించిన కబురుతో ఆగదు. వందలాది ప్రాణాల విషయంలో ఒక ఉద్యోగి మరొక ఉద్యోగికి పడే పూచీ అది. ఈ పూచీని ఎవరు మోయాలి, మోసేవాడు మరచిపోతే ఏమిటి అన్న రెండు ప్రశ్నల చుట్టూనే రైలు భద్రత చరిత్ర తిరిగింది.

కలికిరి మీదుగా సాగే దారి

పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి తాలూకాలలో రైలు దారులు రెండు భిన్నమైన కాలాలకు, రెండు భిన్నమైన కంపెనీలకు చెందినవి. కుప్పం మీదుగా పోయే జోలార్‌పేట–బెంగళూరు మార్గాన్ని మద్రాసు రైల్వే కంపెనీ 1864లోనే ప్రారంభించింది. అది మొదటినుంచీ బ్రాడ్‌గేజ్ మార్గం, ప్రధాన మార్గం. ఇప్పుడు అది డబుల్ లైను. మద్రాసు–మైసూరు వందే భారత్ వంటి వేగవంతమైన బండ్లు దాని మీదనే నడుస్తాయి. కలికిరి దారి అటువంటిది కాదు. పాకాల నుంచి పీలేరు, కలికిరి, వాయల్పాడు, మదనపల్లె రోడ్, కురబలకోట, ములకలచెరువు, కదిరిల మీదుగా ధర్మవరం చేరే దాదాపు 225 కి.మీ. దారిని సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ 1890ల తొలి సంవత్సరాలలో మీటర్‌గేజ్‌గా తెరిచింది. పుంగనూరుకు నేటికీ రైలు లేదు. మదనపల్లెకు ఉన్నా, స్టేషను పేరులోని 'రోడ్' అన్న మాటే ఊరికీ పట్టాలకూ మధ్య ఉన్న దూరాన్ని చెబుతుంది. ఈ దారి 2010 ప్రాంతంలో బ్రాడ్‌గేజ్‌గా మారింది.

ఈ మార్గానికి సంబంధించి రెండు అంశాలు ఇక్కడ ముఖ్యం. మొదటిది, ఇది సింగిల్ లైను. పాకాల వైపు నుంచి వచ్చే బండీ, ధర్మవరం వైపు నుంచి వచ్చే బండీ ఒకే జత పట్టాలను వాడుకోవాలి. స్టేషనులో ఉన్న లూప్ లైనులో ఒకటి ఆగితేనే రెండవది దాటుతుంది. దీనినే రైల్వేవారు 'క్రాసింగ్' అంటారు. పల్లె ప్యాసింజరు బండ్లలో తిరిగినవారికి 'క్రాసింగ్ పడింది' అన్న మాట ఎంత విసుగు తెప్పిస్తుందో తెలియనిది కాదు. ఆ ఎదురుచూపు వల్లనే ఎదురెదురు ఢీ తప్పుతుంది. రెండవది, పాకాల మైదానం నుంచి మదనపల్లె పీఠభూమికి ఎక్కే దారి కనుక ఇందులో ఎత్తుపల్లాలు ఉన్నాయి. ఎక్కుడులో ఆగిన బండి వెనక్కి జారే ప్రమాదం ఉంటుంది. ఈ రెండో ప్రమాదమే, కలికిరి దారి తెరుచుకొనే ముందటి సంవత్సరాలలో, వేల మైళ్ళ అవతల ఒక దేశపు చట్టాన్ని మార్చింది.

కాలాన్ని కొలిచిన పద్ధతి

తొలి రైల్వేలలో బండ్లను విడదీసింది గడియారం. ఒక బండి వెళ్ళిన తరువాత నిర్ణీత నిమిషాలు ఆగి, వెనుక దానిని వదిలేవారు. ముందు బండి ఎక్కడైనా ఆగిపోతే ఆ సంగతి వెనుక బండికి తెలిసే దారి లేదు. ఐర్లండులోని ఆర్మా పట్టణం దగ్గర 1889 జూన్ 12న జరిగినది ఇదే. బడిపిల్లలతో కిక్కిరిసిన విహారయాత్ర బండి ఎక్కుడులో నిలిచిపోయింది. బండిని రెండు ముక్కలు చేసి ముందు భాగాన్ని తీసుకుపోదామని సిబ్బంది ప్రయత్నించారు. ఇంజను నుంచి విడిపోయిన వెనుక పెట్టెలను చేతిబ్రేకు నిలపలేకపోయింది. అవి పల్లంలోకి జారి, వెనుక వస్తున్న బండిని ఢీకొన్నాయి. 80 మంది మరణించారు, వారిలో పిల్లలూ ఎందరో ఉన్నారు. అదే ఏడాది బ్రిటిషు పార్లమెంటు చేసిన చట్టం ప్రయాణికుల రైల్వేలపై మూడు ఏర్పాట్లను తప్పనిసరి చేసింది. బండ్ల మధ్య నిమిషాలకు బదులు స్థలమే హద్దుగా ఉండాలి, అంటే ఒక ఖండంలో ఒకే బండి ఉండాలి. సిగ్నళ్ళూ పాయింట్లూ ఒకదానికొకటి విరుద్ధంగా కదలకుండా కలిపి కట్టాలి. ఇంజను నుంచి విడిపోయినా తమంతట తామే పట్టుకొనే బ్రేకులు ప్రతి పెట్టెకూ ఉండాలి.

భారతదేశంలో 1890 నాటి రైల్వే చట్టం కొత్త మార్గాలను ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు పరిశీలించి సమ్మతించిన తరువాతనే ప్రజలకు తెరవాలన్న నియమాన్ని బలపరిచింది. ఆ ఇన్‌స్పెక్టరుకు వారసుడే నేటి రైల్వే భద్రతా కమిషనరు. ఆయన కార్యాలయం రైల్వే మంత్రిత్వశాఖ కింద కాక పౌర విమానయాన మంత్రిత్వశాఖ కింద ఉండటం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. బండ్లు నడిపేవారే ప్రమాదాలను విచారించే న్యాయమూర్తులు కాకూడదన్నదే దాని వెనుక ఉన్న ఆలోచన.

గోళం చేతికి వస్తేనే దారి

స్థలాన్ని హద్దుగా పెట్టుకొన్నంత మాత్రాన సింగిల్ లైను సమస్య తీరలేదు. ఇంగ్లండులోని నారిచ్ సమీపంలో థోర్ప్ అనే చోట 1874 సెప్టెంబరు 10 రాత్రి రెండు బండ్లు ఒకే లైనుపై ఎదురెదురుగా ఢీకొన్నాయి. అక్కడ టెలిగ్రాఫు ఉంది, నియమాలూ ఉన్నాయి. అవతలి బండిని పంపమని తంతి వెళ్ళింది, ఇవతల నుంచి మరొక బండి కూడా బయలుదేరింది. తప్పు తెలిసేసరికి రెండు బండ్లనూ ఆపే సాధనం ఎవరి దగ్గరా లేదు. తంతి వేగంగా మాట పంపగలదు గాని, ఒక మాట ఇచ్చినవాడు దానికి విరుద్ధమైన రెండో మాట ఇవ్వకుండా ఆపలేదు.

దీనికి పరిష్కారంగా ఎడ్వర్డ్ టైయర్ 1878లో పేటెంటు పొందిన టాబ్లెట్ యంత్రం వచ్చింది. దాని తరువాతి తరానికి చెందినదే నీల్ గోళ టోకెన్ యంత్రం. దక్షిణాదిన మీటర్‌గేజ్ సింగిల్ లైన్ల మీద దశాబ్దాలపాటు రాజ్యమేలినది ఈ యంత్రమే. దాని పనితీరు తెలుసుకోవడానికి కలికిరి, పీలేరు స్టేషన్లను ఉదాహరణగా తీసుకోవచ్చు. రెండు స్టేషన్లలోనూ ఒక్కొక్క యంత్రం ఉందనీ, వాటిని తీగ కలుపుతుందనీ అనుకొందాం. ఒక్కొక్క యంత్రం కడుపులో కొన్ని ఉక్కు గోళాలు ఉంటాయి. ప్రతి గోళం మీద అది ఏ రెండు స్టేషన్ల మధ్య చెల్లుతుందో ఆ పేర్లు చెక్కి ఉంటాయి. యంత్రపు పిడికి మూడు స్థానాలు ఉంటాయి. ఒకటి లైను మూసి ఉందని, రెండవది ఇక్కడి నుంచి బండి పోతోందని, మూడవది అక్కడి నుంచి బండి వస్తోందని చూపుతుంది.

కలికిరి మాస్టరు పీలేరుకు బండి పంపాలంటే గంట సంకేతంతో పీలేరును పిలవాలి. పీలేరు మాస్టరు తన యంత్రాన్ని 'బండి వస్తోంది' అన్న స్థానానికి తిప్పితే గాని కలికిరి యంత్రం నుంచి గోళం బయటికి రాదు. ఒక గోళం బయట ఉన్నంతసేపూ ఆ రెండు యంత్రాలలో దేని నుంచీ రెండో గోళం రాదు. డ్రైవరు చేతికి గోళం అందితేనే ఆ ఖండంలోకి బండి పోవాలి. పీలేరు చేరాక గోళాన్ని అక్కడి యంత్రంలో వేసిన తరువాతనే లైను మళ్ళీ 'మూసినది' అవుతుంది. గోళాన్ని తోలుసంచిలో పెట్టి, ఆ సంచిని పెద్ద బెత్తపు చక్రానికి కట్టి అందించేవారు. ఆగకుండా పోయే బండి ఇంజనులోంచి ఒక చక్రాన్ని కిందికి విసరడం, మరొకదానిని మోచేతికి తగిలించుకొని లాక్కోవడం స్టేషను పిల్లలకు ఉచితంగా దొరికిన సర్కసు.

ఈ యంత్రం గొప్పతనం దాని సరళతలో ఉంది. 'బండిని వదిలానా, లేదా' అన్నది ఇక మాస్టరు జ్ఞాపకం మీద ఆధారపడదు. పగలూ రాత్రీ పనిచేసి నిద్రమత్తులో ఉన్నా, డ్యూటీ మారి కొత్తవాడు వచ్చినా, యంత్రం గుర్తుంచుకొంటుంది. మనిషి మతిమరుపు ఎంతటి ఘోరానికి దారితీయగలదో 1915లో స్కాట్లండులోని క్విన్టిన్స్‌హిల్ చూపింది. తన కేబిన్ ఎదుటనే ఆపి ఉంచిన లోకల్ బండిని సిగ్నల్‌మన్ మరచి, సైనికులతో వస్తున్న బండికి దారి ఇచ్చాడు. రెండు వందల మందికి పైగా మరణించారు. విచిత్రమేమిటంటే, ఆ సిగ్నల్‌మన్ కేబిన్‌కు డ్యూటీకి వచ్చింది ఆ లోకల్ బండిలోనే. గోళానికి అటువంటి మరపు లేదు.

అయితే యంత్రం చెడిపోతే? తీగ తెగితే, వాన గాలికి స్తంభం కూలితే బండ్లు ఆగిపోకూడదు. అప్పుడు టెలిఫోను మీద సంకేత సంఖ్యలు ఇచ్చిపుచ్చుకొని, గోళానికి బదులు 'పేపర్ లైన్ క్లియర్' అనే కాగితం రాసి డ్రైవరుకు ఇస్తారు. ఇది నియమబద్ధమైన పద్ధతే. అయినా కాగితం మీద సంతకం చేసిన చేయి మరొక కాగితం మీద కూడా చేయగలదు. యంత్రం మనిషి నుంచి తీసుకొన్న పూచీ ఆ కాసేపూ మళ్ళీ మనిషి దగ్గరకే తిరిగి వస్తుంది. ఈ వ్యాసం చివరి భాగాలకు ఇదే కీలకం.

రెక్క, తీగ, లీవరు

స్టేషన్ల మధ్య దారిని గోళం కాపాడితే, స్టేషను లోపలి దారిని సిగ్నళ్ళూ పాయింట్లూ కాపాడాలి. తెలుగునాట 'సిగ్నల్ పడింది', 'రెక్క వాలింది' అన్న మాటలు పాత రెక్క సిగ్నళ్ళ కాలం నాటివి. రెక్క అడ్డంగా ఉంటే ఆగాలి, కిందికి వాలితే పోవచ్చు. ఇక్కడ ఒక చిన్న ఇంజనీరింగు వివేకం ఉంది. రెక్కను కేబిన్ నుంచి తీగతో లాగి వాల్చాలి. తీగ తెగితే బరువు దిమ్మె రెక్కను మళ్ళీ అడ్డంగా లేపాలి. అంటే చెడిపోయిన సిగ్నల్ కూడా 'ఆగు' అనే చెప్పాలి. అమెరికా ఇంజనీరు విలియం రాబిన్‌సన్ 1872లో పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూట్‌లోనూ ఇదే సూత్రం. పట్టాలలో సన్నని విద్యుత్తు ప్రవహిస్తూ ఒక రిలేను పట్టి ఉంచుతుంది. బండి చక్రాలు రెండు పట్టాలనూ కలిపినా, పట్టా విరిగినా, బ్యాటరీ అయిపోయినా రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. ఇప్పుడు చాలా చోట్ల చక్రాల ఇరుసులను లెక్కపెట్టే యాక్సిల్ కౌంటర్లు ఈ పని చేస్తున్నాయి. లోపలికి వెళ్ళిన ఇరుసులన్నీ బయటికి వచ్చేవరకు ఆ ఖండం ఖాళీ అయినట్లు కాదు.

ఇంటర్‌లాకింగ్ అనేది కేబిన్‌లోని లీవర్ల మధ్య వేసిన తాళం. మెయిన్ లైనుకు సిగ్నల్ ఇచ్చే లీవరు లాగాలంటే ముందు పాయింట్లు మెయిన్ లైనుకే కుదిరి, బిగిసి ఉండాలి. ఒకసారి సిగ్నల్ వాల్చాక పాయింట్లను కదపడానికి వీలుండదు. ఇనుప పలకలూ గాడులూ చేసిన ఈ పనిని తరువాత రిలేలు, వాటి తరువాత కంప్యూటర్లు చేపట్టాయి. తర్కం మాత్రం ఒక్కటే. సిగ్నల్ చెప్పే మాటకూ, నేల మీద పట్టాలు కుదిరిన తీరుకూ తేడా ఉండకూడదు.

వేగం: కంటికి అందని దూరం

ఇంతవరకు చెప్పినవన్నీ డ్రైవరుకు 'పో', 'ఆగు' అని చెప్పే ఏర్పాట్లు. చెప్పిన మాట ఆయన వింటాడా, విన్నా సమయానికి ఆగగలడా అన్నది వేరే ప్రశ్న. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి ఒరిపిడి చాలా తక్కువ. రైలు అంత బరువును అంత తక్కువ శక్తితో లాగగలగడానికి కారణం అదే, తొందరగా ఆగలేకపోవడానికి కారణమూ అదే. వేగం రెట్టింపైతే ఆగే దూరం సుమారు నాలుగు రెట్లవుతుంది. గంటకు వంద కిలోమీటర్లకు పైగా పోయే ఎక్స్‌ప్రెస్ ఆగడానికి ఒక కిలోమీటరు వరకు పట్టవచ్చు. రాత్రివేళ ఇంజను దీపపు వెలుగులో డ్రైవరుకు కనిపించేది రెండు మూడు వందల మీటర్లు మాత్రమే. కాబట్టి ఎదుటి బండిని చూసి ఆపడం రైలులో సాధ్యమయ్యే పని కాదు. లారీ డ్రైవరుకూ లోకో పైలట్‌కూ ఉన్న మౌలికమైన తేడా ఇదే.

అందుకే హోమ్ సిగ్నల్‌కు కిలోమీటరు ముందు డిస్టెంట్ సిగ్నల్ ఉంటుంది. రెండు పసుపు దీపాలు కనిపిస్తే తరువాతి సిగ్నల్‌ను తగ్గిన వేగంతో దాటడానికీ, ఒక పసుపు కనిపిస్తే తరువాతి సిగ్నల్ దగ్గర ఆగడానికీ సిద్ధం కావాలి. లూప్ లైనులోకి మళ్ళించే పాయింట్ల మీద సాధారణంగా గంటకు 15 లేదా 30 కి.మీ.కు మించకూడదు. పొరపాటున కొద్దిగా దాటిపోయినా ప్రమాదం జరగకుండా ఆగవలసిన చోటికి అవతల కొంత నేలను ఖాళీగా ఉంచుతారు. రంగుదీపాల స్టేషన్లలో స్టార్టరుకు అవతల 120 మీటర్లు, పాత రెక్క సిగ్నళ్ళ స్టేషన్లలో 180 మీటర్లు. మందగమనంలో జరిగిన పొరపాటును ఈ నేల క్షమిస్తుంది, పూర్తి వేగంతో జరిగిన దానిని క్షమించదు.

కలికిరి దారి ధర్మవరంలో కలిసే బెంగళూరు మార్గంపై, పెనుకొండ స్టేషనులో, 2012 మే 22 తెల్లవారుజామున జరిగినది ఈ రెండో రకం పొరపాటు. హుబ్బళ్ళి నుంచి బెంగళూరుకు పోతున్న హంపి ఎక్స్‌ప్రెస్, ఆగి ఉన్న గూడ్సు బండిని వెనుక నుంచి ఢీకొంది. ఇంజను వెంటనే ఉన్న పెట్టెలో మంటలు లేచాయి. పాతిక మంది వరకు మరణించారు. ఆగమన్న సిగ్నల్‌ను బండి దాటి రావడమే కారణమని రైల్వే అధికారులు ప్రకటించారు. ఇక్కడ లైన్ క్లియర్ పద్ధతి విఫలం కాలేదు, ఇంటర్‌లాకింగ్ విఫలం కాలేదు, సిగ్నల్ ఎర్రగానే ఉంది. కాని ఆ ఎరుపుకు బ్రేకును తాకే చేయి లేదు. నూట ఇరవై ఏళ్ళ నిర్మాణమంతా తెల్లవారుజాము మూడు గంటలు దాటిన వేళ ఒకరిద్దరి కళ్ళ మీద ఆధారపడి ఉంది. ఆ వేళలో మానవ శరీరం ఎలా ఉంటుందో రాత్రి డ్యూటీ చేసిన ఎవరినడిగినా చెబుతారు. అటువంటి ప్రమాదాన్ని 'డ్రైవరు తప్పిదం' అన్న రెండు మాటలతో ముగించడం విచారణ సౌలభ్యానికి పనికొస్తుందే గాని చరిత్రకు పనికిరాదు.

2019 నవంబరు 11న కాచిగూడ స్టేషనులో ఎమ్.ఎమ్.టి.ఎస్. బండి కర్నూలు నుంచి వస్తున్న హంద్రీ ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొన్నదీ ఇటువంటి స్థితిలోనే. దారి ఇవ్వకముందే బండి ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరింది. వేగం తక్కువ కనుక ప్రయాణికులు గాయాలతో బయటపడ్డారు. నుజ్జయిన ఇంజను గదిలో గంటల తరబడి చిక్కుకొన్న లోకో పైలట్ తరువాత ఆసుపత్రిలో మరణించాడు.

బ్రేకును తాకే చేయి

డ్రైవరు పట్టించుకోనప్పుడు బండిని తనంతట తానే ఆపే యంత్రాల ఆలోచన కొత్తది కాదు. జపానులో 1962 మే 3న మికావాషిమా దగ్గర 160 మంది మరణించాక ఆ దేశం నాలుగేళ్ళలో తన జాతీయ రైల్వే అంతటా అటువంటి వ్యవస్థను నెలకొల్పింది. భారతదేశంలో ముంబయి లోకల్ మార్గాలు, మద్రాసు–గుమ్మిడిపూండి మార్గం వంటి కొన్నిచోట్ల విదేశీ పరిజ్ఞానంతో ఇటువంటివి వచ్చాయి. 1995లో ఫిరోజాబాద్, 1999లో గైసాల్ ప్రమాదాలు ఒక్కొక్కటి వందల ప్రాణాలను బలిగొన్న తరువాత, కొంకణ్ రైల్వే ఉపగ్రహాల సాయంతో పనిచేసే ఢీ నివారణ పరికరాన్ని తయారు చేయించింది. నాలుగైదు మీటర్ల ఎడంతో పక్కపక్కన ఉన్న పట్టాలలో బండి దేని మీద ఉందో ఉపగ్రహం కచ్చితంగా చెప్పలేకపోవడం దాని ప్రధాన పరిమితి.

ఆ పరిమితిని దాటడానికి రూపొందినదే కవచ్. లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ నిర్దేశాల మేరకు దీనిని తయారుచేసిన తొలి మూడు సంస్థలు మేధా, హెచ్.బి.ఎల్., కెర్నెక్స్. మూడూ హైదరాబాదువే. సికింద్రాబాదులో 1957 నుంచి రైల్వే సిగ్నల్ ఇంజనీర్లకు శిక్షణ ఇస్తున్న ఇరిసెట్ సంస్థ ఉండటం, దక్షిణ మధ్య రైల్వే తన మార్గాలను ప్రయోగశాలగా ఇవ్వడం ఇందుకు తోడ్పడ్డాయి. లింగంపల్లి–వికారాబాద్–వాడి, వికారాబాద్–బీదర్ మార్గాలలో 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల బండ్లపై పరీక్షలు మొదలయ్యాయి. 2020 జూలైలో దీనిని జాతీయ వ్యవస్థగా స్వీకరించారు. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య ఒకే లైనుపై ఎదురెదురుగా నడిపిన పరీక్షలో రైల్వే మంత్రి ఉన్న ఇంజను ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల దూరంలో తనంతట తానే ఆగింది.

పట్టాల మధ్య స్లీపర్లకు బిగించిన చిన్న గుర్తింపు బిళ్ళలను ఇంజను దిగువన ఉన్న పరికరం చదువుతుంది. దానివల్ల బండి ఏ లైనులో, ఎన్నో మీటరు దగ్గర ఉందో తెలుస్తుంది. స్టేషనులోని పరికరం ఇంటర్‌లాకింగ్ నుంచి సిగ్నళ్ళ స్థితిని గ్రహించి, రేడియో ద్వారా ఇంజనుకు పంపుతుంది. ముందు ఎంత దూరం వరకు పోవడానికి అనుమతి ఉందో, ఎంత వేగంతో పోవచ్చో లోకో పైలట్ ఎదుటి తెర మీద కనిపిస్తుంది. మంచులో సిగ్నల్ కనిపించకపోయినా తెర కనిపిస్తుంది. వేగం హద్దు దాటితే ముందు హెచ్చరిక మోగుతుంది, ఇంకా పెరిగితే బ్రేకులు పడతాయి. పెనుకొండలో లేని చేయి ఇదే. 2023 నాటికి దక్షిణ మధ్య రైల్వేలో 1465 కి.మీ. మేర ఇది నెలకొంది. అందులో 959 కి.మీ. మన్మాడ్ నుంచి ముద్‌ఖేడ్, డోన్ మీదుగా గుంతకల్లు వరకు సాగే మార్గానిది. అంటే అప్పటికి కవచ్ రాయలసీమ గడప తొక్కింది. తరువాతి ప్రాధాన్యం ఢిల్లీ–ముంబయి, ఢిల్లీ–హౌరా మార్గాలకు దక్కింది. వేగమూ రద్దీ ఎక్కువ ఉన్నచోట ముందు పెట్టడం సమంజసమే. కాని సింగిల్ లైను శాఖామార్గాలు ఎప్పుడూ వరుసలో చివరనే ఉంటాయన్నదీ ఈ చరిత్రలో మారని విషయమే.

యంత్రం పక్కకు తప్పుకొన్న వేళ

2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి–అలమండ మధ్య విశాఖపట్నం–రాయగడ ప్యాసింజరు ముందున్న విశాఖపట్నం–పలాస ప్యాసింజరును వెనుక నుంచి ఢీకొన్నది. 14 మంది మరణించారు. అది ఆటోమేటిక్ సిగ్నళ్ళు ఉన్న మార్గం. అటువంటి చోట ఎర్ర సిగ్నల్ దగ్గర పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు ఆగి, ఎదుట ఏది ఉన్నా ఆగగలిగేంత నెమ్మదిగా, గంటకు 10–15 కి.మీ. వేగంతో ముందుకు పోవచ్చు. సిగ్నల్ చెడినంత మాత్రాన రాకపోకలన్నీ స్తంభించకూడదని పెట్టిన వెసులుబాటు ఇది. ఆ రాత్రి అక్కడ ఆటో సిగ్నళ్ళు సరిగా పనిచేయడం లేదు. రాయగడ బండి వాటిని నిర్దేశించిన తీరులో దాటలేదని తొలి విచారణ పేర్కొంది. ఆ బండి లోకో పైలట్, సహాయకుడు ఇద్దరూ మరణించారు. కనుక వారి వాదన వినే అవకాశం ఎవరికీ లేకపోయింది. ఆ మార్గంలో అప్పటికి కవచ్ లేదు. ఉంటే అది బండిని పట్టి ఉండేదని అనుకోవడానికి తగిన ఆధారం ఉంది. అయితే గమనించవలసినది మరొకటి కూడా ఉంది. చెడిన సిగ్నల్, నియమపుస్తకంలోని మినహాయింపు, రాత్రి, ఇద్దరు మనుషుల వివేచన కలిసిన ఈ స్థితి, గోళ యంత్రం చెడిన రాత్రి పేపర్ లైన్ క్లియర్ రాసిచ్చిన స్టేషన్ మాస్టరు స్థితికి దగ్గరి చుట్టం.

అదే ఏడాది జూన్ 2న ఒడిశాలో బాలాసోర్ జిల్లా బహనాగా బజార్ స్టేషనులో జరిగినది దీనికి భిన్నమైనది, ఇంతకంటే ఆలోచింపజేసేది. షాలిమార్ నుంచి మద్రాసు వస్తున్న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైనులో పొమ్మని పచ్చ సిగ్నల్ ఉంది. పాయింట్లు మాత్రం లూప్ లైనుకు కుదిరి ఉన్నాయి. గంటకు 128 కి.మీ. వేగంతో బండి లూప్‌లో నిలిచి ఉన్న ఇనుప ఖనిజపు గూడ్సును ఢీకొన్నది. పక్క లైనులో పోతున్న మరొక ఎక్స్‌ప్రెస్ కూడా అందులో చిక్కుకొంది. 290 మందికి పైగా మరణించారు. సిగ్నల్ చెప్పే మాటకూ నేల మీది పట్టాలకూ తేడా రాకూడదన్నదే ఇంటర్‌లాకింగ్ ఉన్న కారణమని పైన చెప్పుకొన్నాం. ఇక్కడ ఆ తేడాయే వచ్చింది. పట్టాల పక్కనుండే సిగ్నల్ పెట్టెలలో గతంలోనూ, ఆ రోజు లెవెల్ క్రాసింగ్ గేటు పని సందర్భంగానూ జరిగిన తీగల మార్పులలో పొరపాట్లు దొర్లాయని భద్రతా కమిషనరు విచారణ తేల్చింది. ప్రమాదం జరిగిన వెంటనే 'కవచ్ ఉండి ఉంటే' అన్న మాట విస్తృతంగా వినిపించింది. తన సమాచారాన్ని ఇంటర్‌లాకింగ్ నుంచే గ్రహించే యంత్రం, ఆ ఇంటర్‌లాకింగే అబద్ధం చెప్పినప్పుడు తాను కూడా ఆ అబద్ధాన్నే నమ్ముతుంది. కోరమాండల్ లోకో పైలట్ ఏ సిగ్నల్‌నూ మీరలేదు, ఏ వేగపరిమితినీ దాటలేదు.

బహనాగా ప్రమాదానికి ముందే, కుప్పం మార్గం ఏ జోన్‌లో ఉందో ఆ నైరుతి రైల్వేలోనే, ఇటువంటిదే ఒకటి తృటిలో తప్పింది. 2023 ఫిబ్రవరి 8న కర్ణాటకలోని హొసదుర్గ రోడ్ స్టేషనులో సంపర్క్ క్రాంతి ఎక్స్‌ప్రెస్‌కు సిగ్నల్ ఒక దారికి ఉండగా, పాయింట్లు ఎదురు బండ్లు వచ్చే దారికి కుదిరి ఉన్నాయి. బయలుదేరిన బండిని, పట్టాలు కుదిరిన తీరును కంటితో చూసి, లోకో పైలట్ ఆపేశాడు. ఎర్ర సిగ్నల్‌ను చూడని కంటివల్ల పెనుకొండ జరిగితే, పచ్చ సిగ్నల్‌ను నమ్మని కంటివల్ల హొసదుర్గ రోడ్ జరగలేదు. సిగ్నల్ నిర్వహణలో మనుషులు వ్యవస్థను దాటవేస్తున్న తీరును సరిదిద్దకపోతే పెద్ద ప్రమాదం తప్పదని ఆ మర్నాడే నైరుతి రైల్వే ఉన్నతాధికారి ఒకరు లేఖ రాశారు. ఆ లేఖకూ బహనాగా బజార్ ప్రమాదానికీ మధ్య నాలుగు నెలలు కూడా లేవు.